ఒక మనస్సు, ఏడుగురు బాలికలు

మనస్సులోని సంఘర్షణమును ప్రదర్శించుట ఏకపాత్రాభినయమునకే చెల్లుననియు, పలువురు కూడి ఆడునది కోలాటమో స్వాగతనృత్యమో కావలెననియు మనలో కొందరు పెద్దలు వాదించుచున్నారు. కడత్తూరు బాలికలచేత మేము లీలావతి కథను సామూహిక నృత్యముగా కూర్పించినపుడు ఈ వాదమే వినవచ్చినది. "మనస్సు ఒక్కటే గదా, దానికి ఏడుగురెందులకు?" అని ప్రశ్న. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కాని దీనికి సమాధానము కలదు.

ముందుగా మన సంప్రదాయమునే చూతము. సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ ఒంటరిగా విరహపడదు. మాధవి ప్రక్కన నిలిచి ప్రశ్నించును, ఎత్తిపొడుచును, ఊరడించును. సత్యభామ గర్వమును ఆమెకే వినిపించునది మాధవి. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) సత్యభామ వేషమున ఎంత ప్రసిద్ధులైనను, మాధవి లేక ఆ కలాపము నడవదు. ఒక హృదయమును రెండు దేహములకు పంచి చూపుట మనకు నిన్న మొన్న వచ్చిన విద్య కాదు.

లీలావతియు మనకు పరాయిది కాదు. తంజావూరు సీమలోని మేలట్టూరున వేంకటరామశాస్త్రిగారు రచించిన ప్రహ్లాదచరిత్రమును నృసింహజయంతి ఉత్సవమునకు నేటికిని తెలుగులోనే భాగవతమేళముగా ఆడుచున్నారు. తమిళదేశమధ్యమున తెలుగుమాటను నిలిపిన కథ యిది. ఇందు భక్తి యెవరిదో, అహంకార మెవరిదో పసివారికిని తెలియును. భర్త ఆజ్ఞకును కన్నబిడ్డ ప్రాణమునకును నడుమ నలిగిన ఇల్లాలి గోడు మాత్రము తరచుగా మరుగుపడుచున్నది.

కావున మేము ఒక బాలికను లీలావతిగా నడుమ నిలిపితిమి. ముగ్గురు ఆమెలోని భార్య, ముగ్గురు ఆమెలోని తల్లి. ఆదితాళమొకటే. భార్యపక్షము దెబ్బకు నాలుగు లెక్కన చతురశ్రగతిలో అడుగులు వేయును. తల్లిపక్షము దెబ్బకు మూడు లెక్కన త్రిశ్రగతిలో వేయును. నడకలు పెనగులాడును గాని ప్రతి దెబ్బకును కలిసికొనును. కలహించు మనస్సులు రెండైనను గుండె యొక్కటే యని చెప్పుటకు ఇంతకంటె సుళువైన మార్గము మాకు తోచలేదు. ఒక్క నర్తకి పాదములు ఒకేసారి ఈ రెండు నడకలు నడచుట ఎంత కష్టము! సమూహమునకు అది సాధ్యము. పెద్దలు మెచ్చిన కోలాటమే పిల్లలకు ఈ యొడుపు నేర్పినది.

మరికొందరు ముగ్గురికి నల్లచీరలు, ముగ్గురికి తెల్లచీరలు కట్టింపుడనిరి. మేము సమ్మతింపలేదు. మంచికిని చెడుకును నడుమ జరుగునది యుద్ధము. రెండు ప్రేమల నడుమ జరుగునదే సంఘర్షణము. తెరుక్కూత్తులో కర్ణుని చూచి కంటతడి పెట్టుకొను మన ధర్మపురి జనులకు ఈ భేదము వేరుగా చెప్పనక్కరలేదు. ఏడుగురును ఒకే రంగుచీర కట్టిరి.

ఇక సినిమాపాటను యంత్రమున వేసి పని ముగింపుడనువారికి మా సమాధానమిది. పిల్లకు అర్థము తెలియని పాటకు చేయునది వ్యాయామము, అభినయము కాదు. మన బిడ్డలు ఇంట తెలుగు పలుకుదురు, బడిలో తమిళము చదువుదురు. 2006 నాటి చట్టముతో తమిళము నిర్బంధపాఠ్యమైనది. తమిళము నేర్చుట మేలే. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. కాని తెలుగు అక్షరము లేకపోవుట మేలు కాదు. మా బాలికలు పాటను తమిళలిపిలో వ్రాసికొనిరి. ఆ లిపిలో 'బాధ'యు 'పాద'యు ఒకే తీరున వ్రాయబడును. తల్లి బాధ యనుచోట ఒక చిన్నది తన పాదములను చూపినది! అందరును నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. బాధ యను మాటయే చేజారిన బిడ్డ రేపు తన బాధను ఏ భాషలో చెప్పుకొనును?

తుదిఘట్టమునను వాదము తప్పలేదు. నరసింహుడు వెడలిన వెంటనే విజయనృత్యము కావలెనని పలువురు కోరిరి. స్తంభము పగిలినది, బిడ్డ బ్రతికినాడు. నిజమే. ఆ సంధ్యయందే ఆ తల్లి పసుపుకుంకుమలు పోయినవి. ఆమె గెలిచినదా, ఓడినదా? విజయనృత్యము కోరువారు లీలావతిని మరచినవారు. మా కూర్పులో భార్యపక్షమువారు మువ్వురును నేలపై కూర్చుందురు. త్రిశ్రగతి యొక్కటే మిగులును. ఆ తరువాతనే మంగళము. మంగళము అశుభమును దాచుటకు పాడునది కాదు, దాటుటకు పాడునది.

కాబట్టి తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటే. పలువురు కూడి ఒక మనస్సును ఆడగలరా యని సంశయింపకుడు, ఆడగలరు. ఆ మనస్సునకు తెలుగుమాట కలదా యని విచారింపుడు. వచ్చే యేడు పిల్లల కాళ్లకు గజ్జెలు కట్టకముందు వారి చేతులచేత ఓనమాలు దిద్దింపుడు.