తెల్లని పొర



క్రిందటి వేసవిలో వెస్ట్ మారేడుపల్లిలోని మా ఇంట్లో ఒక చిన్న దుఃఖం కలిగింది. మా అబ్బాయి పెంచుకుంటున్న ఉప్పునీటి చేపల తొట్టెలో రాత్రివేళ పంపు ఆగిపోయింది. తెల్లవారి చూసేసరికి రెండు క్లౌన్ చేపల్లో ఒకటి చనిపోయి ఉంది. "నాన్నా, పంపు కొని ఏడాది కూడా కాలేదే!" అని వాడు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. విప్పి చూస్తే, లోపల తిరిగే రెక్కకు సున్నంలాంటి తెల్లని పొర గట్టిగా పట్టి ఉంది. తప్పు పంపుది కాదు, మాది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో కాల్షియం దాదాపు 0.4 గ్రాము. నీరు వేడెక్కిన చోట అది కాల్షియం కార్బొనేట్‌గా మారి అంటుకుంటుంది. అందుకే హీటరుకు, పంపుకు ముందుగా పొర పడుతుంది. బోరునీళ్ళు కాచే గిన్నెలో, గీజరులో మనం చూసేదీ ఇదే.

తొట్టెలో నీరు తగ్గినప్పుడల్లా మేము బోరునీళ్ళు పోశాము. ఆవిరైపోయేది నీరు మాత్రమే, లవణాలు తొట్టెలోనే మిగులుతాయి. వాటికి బోరునీటిలోని సున్నం కూడా తోడైంది. కనుక ఈ జాగ్రత్తలు గమనించండి:

1. తగ్గిన నీటికి బదులు ఆర్.ఓ. నీరే పోయండి. ఉప్పునీరు గాని, బోరునీరు గాని వద్దు. తొట్టెపై మూత ఉంచితే నీరు తక్కువగా ఆవిరవుతుంది.

2. మూతమీద, వైర్లమీద పేరుకొనే ఉప్పును వారానికొకసారి తడిగుడ్డతో తుడవండి. ముందుగా ప్లగ్గు తీయడం మరువకండి.

3. నెలకొకసారి పంపు విప్పి, తెల్లని వెనిగరు, ఆర్.ఓ. నీరు సమపాళ్ళలో కలిపి, ఆ భాగాలను గంటసేపు నానబెట్టండి. బుడగలు వస్తే పొర కరుగుతున్నదన్నమాట. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీటితో బాగా కడగండి. కత్తితో గీకవద్దు, బాత్‌రూము యాసిడ్ అసలే వాడవద్దు. అంతసేపూ చేపలకు గాలి అందించే వేరే పంపు నడుస్తూ ఉండాలి.

4. హీటరు ప్లగ్గు తీశాక పావుగంట చల్లారనిచ్చి, అప్పుడే నీటినుండి బయటికి తీయండి. లేకపోతే గాజు పగలవచ్చు.

మరొక మాట. పగడాలు తమ గూళ్ళు కట్టుకొనేది ఈ సున్నంతోనే. వాటినీ ఇంట్లో పెంచాలని పిల్లలు అడుగుతారు. కాని రాతి పగడాలకు 2001 నుండి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని కొనడం, ఉంచుకోవడం నేరం.

మిగిలిన చేప ఇప్పుడు హాయిగా ఈదుతున్నది. మా అబ్బాయి క్యాలెండరులో ప్రతి నెల మొదటి శనివారానికి సున్న చుట్టి పెట్టుకున్నాడు. ఆ రోజు వెనిగరు సీసా వాడే తీస్తాడు. పక్కన కూర్చోవడం నా వంతు.