విత్తన సంచికి చీటీ ఉంది, ఎన్నికల హామీకి ఏదీ?

విత్తనాల కొట్టుకు వెళితే మీరేం చేస్తారు? సంచిని అటూ ఇటూ తిప్పి చీటీ చూస్తారు. మొలక శాతం ఎంత, పరీక్ష చేసిందెప్పుడు, గడువు ఎప్పటిదాకా అని చదువుతారు. చదువు రానివారు పక్కవాళ్లచేత చదివించుకుంటారు. ధ్రువీకరించిన వరి విత్తనంలో మొలక 80 శాతానికి తగ్గకూడదు. తగ్గితే నిలదీయడానికి 1966 నాటి విత్తన చట్టం ఉంది. చేతిలో బిల్లుంటే వినియోగదారుల కమిషన్ ఉంది.

ఎన్నికలప్పుడు పత్రికల్లో, టీవీల్లో వచ్చే ప్రకటనలకు మాత్రం అలాంటి చీటీ ఏదీ ఉండదు. 'రుణమాఫీ' అని పెద్ద అక్షరాలుంటాయి. ఎవరికి, ఎంతవరకు, ఎవరి సొమ్ముతో, ఎప్పటిలోగా? ఈ నాలుగు ముక్కలూ ఉండవు. రైతు దెబ్బతినేది ఆ రాయని మాటల దగ్గరే.

2014 ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు రుణాలు రద్దు చేస్తామని తెలుగుదేశం చెప్పింది. బ్యాంకులో కుదువబెట్టిన బంగారం ఇంటికొస్తుందని ప్రకటనలూ వచ్చాయి. గెలిచాక షరతులు బయటికొచ్చాయి. కుటుంబానికి లక్షన్నర వరకే అన్నారు. 50 వేల లోపు ఒకేసారి, ఆ పైన ఉంటే ఏటా విడతలు అన్నారు. చివరి రెండు విడతలు 2019 ఎన్నికల నాటికి కూడా పూర్తిగా అందలేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వం వాటిని చెల్లించలేదు. తెలంగాణలో 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ 2 లక్షల మాఫీ అంది. 2024 జూలై, ఆగస్టుల్లో మూడు దఫాలుగా అమలు మొదలయ్యాక కుటుంబం లెక్కకు రేషన్ కార్డు చూశారు. రెండు లక్షలు దాటినవారిని పై సొమ్ము ముందు కట్టుకోమన్నారు.

మాఫీ వల్ల మేలు జరగలేదని కాదు. ఎందరో చిన్న రైతుల అప్పు తీరింది. బాధంతా మధ్యలో చితికినవారి గురించే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మాఫీ వస్తుందని అప్పు తిరగరాయించుకోవడం మానేసినవారు ఊరూరా కనిపించారు. గడువులోగా కడితే పంట రుణానికి పడే వడ్డీ 4 శాతం. గడువు దాటితే రాయితీ పోయి 11, 12 శాతం దాకా వెళుతుంది. కొత్త అప్పు పుట్టదు. అప్పట్లో పంటల బీమా బ్యాంకు రుణంతో ముడిపడి ఉండేది కాబట్టి బీమా కూడా పోయింది. ఇక మిగిలింది ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ. లక్షకు ఏడాదికి 36 వేలు! బ్యాంకులో 4 వేలతో పోయేది. ఇక బ్యాంకు అప్పే పుట్టని కౌలు రైతుకు మాఫీతో ఒరిగేదేముంది?

ఇంకో కిటుకు, పక్కవాడి సొమ్మును కలిపి చెప్పడం. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ రైతుకు ఏటా 12,500 ఇస్తామంది. గెలిచాక 13,500 ఇస్తున్నామని, చెప్పినదానికన్నా ఎక్కువని ప్రకటించుకుంది. అందులో 6 వేలు కేంద్రం పి.ఎం. కిసాన్ కింద వేసేదే. రాష్ట్రం వాటా 7,500. 2024లో తెలుగుదేశం కూటమి 20 వేలు అంది. 2025లో అమలుకు వచ్చేసరికి అందులోనూ ఆ 6 వేలు కలిశాయి. రాష్ట్రం వాటా 14 వేలు. పార్టీలు మారినా లెక్క చెప్పే తీరు మారలేదు.

మరి చట్టం ఏం చేస్తోంది? మేనిఫెస్టోలోని హామీ ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి పద్ధతి కాదని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి చెప్పింది. హామీకి డబ్బు ఎక్కడినుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలన్న మాట అలా ఎన్నికల నియమావళిలోకి ఎక్కింది. అయితే ఆ నియమావళికి చట్టం బలం లేదు. టీవీ ప్రకటనలకు ముందస్తు అనుమతి ఇచ్చే కమిటీలున్నాయి గానీ హామీ లెక్క సరిపోతుందా అని తేల్చడం వాటి పని కాదు. సబ్బులు, నూనెల ప్రకటనల మంచిచెడ్డలు చూసే మండలి కూడా రాజకీయ ప్రకటనల జోలికి రాదు.

కాబట్టి చీటీ మనమే రాసుకోవాలి. మీ ఊరికి ఓటడగడానికి వచ్చినవారిని ఆ నాలుగు ముక్కలూ అడగండి. ఎవరికి? కౌలు రైతుకూనా? ఎంతవరకు? కుటుంబానికా, ఖాతాకా? ఎవరి సొమ్ము? కేంద్రం ఇచ్చేది కలిపా, విడిగానా? ఎప్పటిలోగా? ఒకేసారా, విడతలా? కరపత్రం ఇస్తే అచ్చువేసినవారి, వేయించినవారి పేర్లు ఉన్నాయో లేదో చూడండి. అవి ఉండి తీరాలని చట్టమే చెబుతోంది. ఆ కాగితాన్ని ఎరువుల బిల్లుతోపాటు ట్రంకుపెట్టెలో దాచండి. అయిదేళ్ల తర్వాత అదే మీ సాక్ష్యం.

అన్ని హామీలూ ఉత్తవే అనుకోవద్దు. 2004లో ఉచిత విద్యుత్ అన్నారు, మోటార్లకు వచ్చింది. నమ్మడం తప్పు కాదు. అడగకుండా నమ్మడమే తప్పు. అన్నిటికన్నా ముఖ్యం, సొమ్ము మీ ఖాతాలో పడేదాకా బ్యాంకు గడువు దాటనివ్వకండి. హామీ ఇచ్చినవారు ఓడినా గెలిచినా మీ అప్పు మీదే, వడ్డీ మీదే.