పొదుపు పేరిట పప్పు మీద వేటు

నెలసరి సరుకుల ఖర్చు తగ్గించుకోవాలనుకోవడం తప్పని నేనెన్నడూ అనను. ప్రభుత్వ వైద్యుడి జీతంతో ముగ్గురు పిల్లలను చదివించినవాణ్ణి. ఇరవయ్యో తేదీ దాటిన తరువాత కిరాణా కొట్టు ముందు నుంచి తల వంచుకుని నడిచిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. కాని ఈ మధ్య ఇంటి ఖర్చు తగ్గించుకొనే విధానం గురించి నలుగురూ నలుగురికీ ఇస్తున్న సలహాలు విని ఊరుకోలేక ఈ వ్యాసం రాస్తున్నాను. పప్పు సగానికి తగ్గించి చారుతో సరిపెట్టండి, గుడ్లు ఆదివారానికే పరిమితం చేయండి, పాలు టీకి సరిపడా పోయించుకుంటే చాలు, కూరగాయల ధర పెరిగినప్పుడు పచ్చడితో కానివ్వండి. ఇదీ ఆ సలహాల సారాంశం. ఇలా మిగిలిన డబ్బును మీరు పొదుపు అంటున్నారు. నా దృష్టిలో అది మీ ఇంటివారి ఒంట్లో నుంచి తీసుకున్న అప్పు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా వీధిలోనే ఒక కుటుంబం. భార్యాభర్తలు, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, ఒక ముసలితల్లి. భర్తది ప్రైవేటు ఉద్యోగం. ఒకనాడు ఆయన, "నెలకు రెండు వేలు మిగిలేట్టు చేశాను డాక్టరు గారూ" అని సంతోషంగా చెప్పాడు. ఆ తరువాత కొన్ని నెలలకు ఆయన భార్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, గుండె దడగా ఉందని నా దగ్గరకు వచ్చింది. కనురెప్ప కిందకు లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4. ఆ వయసు స్త్రీకి అది 12కు తగ్గకూడదు. ఆహారం గురించి అడిగితే, "నాకు పప్పు అంతగా ఇష్టం ఉండదండీ" అన్నది.

ఈ మాట నా ఉద్యోగ జీవితంలో ఎన్ని వందల మంది తల్లుల నోట విన్నానో లెక్కలేదు. పప్పు సమృద్ధిగా వండిన ఇంట్లో ఏ తల్లీ ఈ మాట అనగా నేను వినలేదు.

సరుకుల చీటీ చూపించమన్నాను. ఇంతకు ముందు నాలుగు కిలోలు తెచ్చే పప్పులు, అన్నీ కలిపి, రెండు కిలోలకు దిగాయి. గుడ్ల పంక్తి కొట్టివేసి ఉంది. పాలు లీటరు నుంచి అరలీటరుకు వచ్చాయి. రెండు కిలోల పప్పును ఐదుగురికి ముప్పై రోజులకు పంచి చూడండి. మనిషికి రోజుకు 13 గ్రాములు. అంటే ఒక చెంచాడు. మన హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలో, రోజుకు 2000 కిలోకేలరీల భోజనానికి పప్పులు గాని, వాటికి బదులుగా గుడ్లు, మాంసం గాని 85 గ్రాములు ఉండాలని చెప్పారు. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు. నాలుగు కిలోలు తెచ్చిన రోజులలోనే ఆ ఇల్లు ఈ లెక్కకు ఆమడ దూరంలో ఉంది. ఉన్నదాంట్లోనే మళ్ళీ సగం కోశారు.

ఇక కోతపడని పంక్తులు చూడండి. నూనె ఆరు లీటర్లు. పంచదార ఐదు కిలోలు. బిస్కెట్ల పొట్లాలు డజను. పిల్లల ఎదుగుదల కోసమని పాలల్లో కలిపే పొడి ఒక డబ్బా. మామూలు ఉప్పుకు బదులుగా, ఎవరో చెప్పారని, దానికి ఎన్నో రెట్లు ధర పలికే గులాబీ రంగు ఉప్పు. వీటిలో ఒక్కటి కూడా తగ్గలేదు! అది ఆ దంపతుల తెలివితక్కువ కాదు. ప్రకటనలు చూసి చూసి, డబ్బాలో వచ్చేదే బలమని, సంచిలో విడిగా వచ్చేది కడుపు నింపే వస్తువు మాత్రమేనని మనమందరమూ నమ్మిపోయాము.

ఆ నమ్మకం కలగడంలో మా వైద్యుల పాత్ర తక్కువేమీ కాదు. నేనూ రాశాను. నీరసమని వచ్చినవారికి మందుల చీటీ చివర ఫలానా పొడి పాలల్లో కలిపి తాగమని ఎన్నో ఏళ్ళు రాశాను. రోగి కూడా అదే కోరేవాడు. "పప్పు తినండి" అని చెప్పి పంపితే, డాక్టరు ఏమీ ఇవ్వలేదని చిన్నబుచ్చుకునేవాడు. రోజుకు నూట యాభై మంది వచ్చే ఓపీలో వాదించే తీరిక ఎవరికి ఉంటుంది? రాసి పంపేవాళ్ళం. ఆ నేరం నా మీద ఉన్నది కనుకనే ఇప్పుడు గొంతు కాస్త పెంచి చెబుతున్నాను.

ఆ పొడుల సంగతి 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వమే తేల్చింది. మన ఆహార భద్రత చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే వర్గమే లేదని, ఆ పేరు కింద ఈ పానీయాలను అమ్మవద్దని కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. డబ్బా వెనుక చిన్న అక్షరాలలో ఉండే పట్టిక చదవండి. కళ్ళజోడు తప్పనిసరి. పిల్లలకు పోసే ఇటువంటి మాల్టు పొడులలో నూటికి 7 నుంచి 11 గ్రాముల వరకు ప్రోటీను, దానికి మూడు నాలుగు రెట్లు పంచదార కనిపించడం సాధారణం.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. ధరలు ఊరికీ నెలకూ మారుతాయి కనుక ఉజ్జాయింపుగా అనుకుందాము. కందిపప్పు కిలో 130 రూపాయలైతే, అందులో సుమారు 220 గ్రాముల ప్రోటీను ఉంటుంది. గ్రాము ఖరీదు 60 పైసలు. వేరుశనగ గుళ్ళు కిలో 150 అయినా దాదాపు అంతే. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే, అందులోని ఆరు గ్రాముల ప్రోటీను గ్రాముకు ఒక రూపాయి పదిహేడు పైసలు పడుతుంది. అది మాంసకృత్తులన్నిటిలో మేలైన రకం. అరకిలో పొడి డబ్బా 250 రూపాయలైతే అందులో ఉన్నది 35 నుంచి 55 గ్రాములు. గ్రాము నాలుగున్నర రూపాయలకు తక్కువ పడదు, ఏడు రూపాయలు కూడా కావచ్చు. 60 పైసల సరుకును కొట్టివేసి నాలుగున్నర రూపాయల సరుకును ఉంచుకున్న చీటీని పొదుపు చీటీ అని ఎలా అంటారు?

పప్పు తగ్గించినంత మాత్రాన ఏమవుతుంది, అన్నం తింటున్నాము కదా అని మీరు అడగవచ్చు. బియ్యంలోనూ నూటికి ఏడెనిమిది గ్రాముల ప్రోటీను ఉన్నమాట నిజమే. అయితే అందులో లైసీన్ అనే అత్యవసర ఆమ్లం కొరతగా ఉంటుంది. ఆ కొరతను తీర్చేది పప్పు. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. మన పెద్దలకు ఈ పేర్లు తెలియవు గాని పప్పన్నం కలిపి పెట్టడం తెలుసు. పప్పు తీసివేసి ఆకలి తీరే వరకు అన్నమే తింటే పొట్ట పెరుగుతుంది, కండ కరుగుతుంది. మన రాష్ట్రాలలో సన్నని కాళ్ళు, ముందుకు వచ్చిన పొట్ట, మధుమేహం ఒకే మనిషిలో కనిపించడం నా తరం వైద్యులకు నిత్యానుభవం. దానికి కారణాలు అనేకం, అయినా గిన్నెలో పప్పు పలచబడడం వాటిలో ఒకటి. డెబ్బై దాటిన నావంటివారికి ఇది మరీ ప్రమాదం. ఈ వయసులో కరిగిన కండ తిరిగి రావడం కష్టం. కాలు తడబడి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ ఆపరేషను ఖర్చుతో ఎన్నేళ్ళ పప్పు వస్తుందో చెప్పనక్కరలేదు. (మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు ఎంత తినాలో తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. ఈ వ్యాసం చూసి పెంచవద్దు.)

కోత ఎవరి కంచంలో పడుతుందో కూడా చూడండి. చీటీలో పప్పు సగమైతే ఇంట్లో అందరికీ సమానంగా సగం కాదు. మగవారికి, పిల్లలకు, అత్తగారికి వడ్డించాక గిన్నె అడుగున మిగిలే పలచని నీళ్ళు ఇల్లాలికి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత, 2019-21, ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. వీరందరూ తిండిలేని ఇళ్ళవారు కారు. ఫ్రిజ్జు, టీవీ, స్కూటరు ఉన్న ఇళ్ళలో కూడా నేను ఏడు, ఎనిమిది హిమోగ్లోబిన్లు చూశాను. అధిక రుతుస్రావం, నులిపురుగులు వంటి ఇతర కారణాలు ఉంటాయి, వాటిని పరీక్షించవలసిందే. కాని కంచం సంగతి అడగకుండా ఇనుము మాత్రలు మాత్రమే రాసిచ్చే వైద్యుడు సగం పనే చేసినట్లు.

మరి ఎక్కడ తగ్గించాలి? ముందు నూనె దగ్గర. ఆ మార్గదర్శకాల ప్రకారమే మనిషికి రోజుకు 27 గ్రాముల కొవ్వు చాలు. ఐదుగురికి నెలకు నాలుగున్నర లీటర్లు దాటనక్కరలేదు. సీసా వంచి పోయకండి, చెంచాతో కొలిచి పోయండి. మొదటి నెలలోనే తేడా తెలుస్తుంది. గానుగ నూనె మీద మోజు ఉన్నవారికి ఒక మాట. అది మంచిదే కావచ్చు, అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలు దానిలోనూ ఉంటాయి. దాని అదనపు ధర కోసం గుడ్లు మానేస్తే మీరు నష్టపోయినట్లే. తరువాత పంచదార. ఐదు కిలోలంటే తలకు రోజుకు 33 గ్రాములు, బిస్కెట్లలోనూ పొడులలోనూ ఉన్నది కాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నీ కలిపి 25 గ్రాములకు లోపల ఉంటే మేలంటుంది. బిస్కెట్లు, పొడి డబ్బా పూర్తిగా పోవచ్చు. వాటి స్థానంలో వేయించిన పల్లీలు, పుట్నాలు, ఉడకబెట్టిన అలసందలు, బెల్లం ముక్క పిల్లల డబ్బాలో పెట్టండి. పల్లీలు మాత్రం చవకగా వస్తున్నాయని ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి కొనవద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గులాబీ ఉప్పు మాని అయోడిన్ కలిపిన మామూలు ఉప్పుకు రండి.

కందిపప్పు ధర మండిపోతున్నప్పుడు పెసలు, ఉలవలు, బొబ్బర్లు, శనగల వైపు తిరగండి. ఒక్క కందిపప్పే పప్పు అనుకోవడం మన అలవాటు మాత్రమే. రాగులలో నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది. ఆ లెక్కన పాలకంటే ఎక్కువే. పాలు తగ్గించక తప్పని ఇంటికి రాగిజావ కొంత ఆసరా. మునగాకుకు పల్లెలో ఖరీదే లేదు. రైతుబజారుకు సాయంత్రం వెళితే తోటకూర, గోంగూర కట్టలు ఉదయం ధరలో సగానికి ఇస్తారు. ఇక పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగవద్దు. అందులోని టానిన్లు ఆకుకూరల్లో ఉన్న ఇనుమును ఒంటబట్టనివ్వవు. గంట, గంటన్నర ఆగండి. అదే పప్పులో నిమ్మకాయ పిండితే ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది.

"మీకేమండీ, పింఛను వస్తుంది, చెప్పడానికి ఏమి!" అని ఒక మిత్రుడు నన్ను దెప్పాడు. ఆ దెప్పులో న్యాయముంది. కొట్టివేయడానికి బిస్కెట్ల పంక్తి కూడా లేని చీటీలు ఉంటాయి. రోజుకూలీ ఇంటి చీటీలో బియ్యం, నూనె, ఉప్పు, కారం తప్ప మరేమి ఉంటుంది? వారికి నేను పొదుపు పాఠం చెప్పబోను. అక్కడ అడగవలసింది ప్రభుత్వాలను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైనప్పటి నుంచి ఈ నాటి సన్నబియ్యం వరకు మన రాజకీయమంతా బియ్యం చుట్టూనే తిరిగింది. బియ్యం వచ్చినంత నమ్మకంగా రేషను దుకాణానికి పప్పు ఏనాడూ రాలేదు. బడిలో మధ్యాహ్న భోజనంతో ఇచ్చే గుడ్డు, అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చే గుడ్డు, పాలు మంచి పనులు. వాటిని ఎవరు తగ్గించబోయినా మనం నోరు మూసుకోకూడదు. కాని ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామంది చీటీలో బిస్కెట్ల పంక్తి ఉందని నాకు తెలుసు.

ఆ ఇంటివారితో కూర్చుని చీటీ తిరిగి రాయించాను. పప్పులు ఐదు కిలోలు, రోజుకు ఐదు గుడ్లు, పాలు మళ్ళీ లీటరు. నూనె, పంచదార తగ్గాయి. బిస్కెట్లు, డబ్బా, గులాబీ ఉప్పు పోయాయి. ఆయన మిగిల్చుకున్న రెండు వేలలో సుమారు పదిహేను వందలు తిరిగి సరుకులకే వెళ్ళాయి. ఆయన ముఖం చిన్నబోయింది, నేను చూడనట్లు నటించాను. మూడు నెలల తరువాత ఆమె హిమోగ్లోబిన్ 10.8. ఇనుము మాత్రలు కూడా వాడింది కనుక ఘనతంతా పప్పుకు కట్టబెట్టను. మొన్న వాళ్ళింటికి వెళితే ఆ ఖాళీ పొడి డబ్బా వంటింటి గట్టు మీద కనిపించింది. అందులో ఇప్పుడు ఉలవలు పోసుకుంటున్నారు.