రెక్కలు మనవి, ఇంజను ఎవరిది?

బెంగుళూరు మైదానమునుండి ఒక క్రొత్త విమానము లేచినదన్న వార్త వచ్చినప్పుడెల్ల పత్రికలు పెద్ద అక్షరములతో ప్రకటించుచున్నవి. దేశమునకు రెక్కలు మొలచినవని జనులు సంతోషించుచున్నారు. ఆ సంతోషమును మేము తప్పుపట్టము. కాని ఆ వార్త తుదిపంక్తులలో, పాఠకుని కన్ను సామాన్యముగ సోకనిచోట, ఇంజను ఫలాని దేశమునుండి తెప్పింపబడినదన్న చిన్న వాక్యమొకటి కాన్పించును. మాకు ఆ వాక్యమే ముఖ్యముగ తోచుచున్నది. ఏలయన, రెండు మహాయుద్ధముల నడుమను, రెండవ యుద్ధకాలమునను ఆంగ్లేయులు నిర్మించిన చిన్న విమానముల చరిత్రయంతయు ఆ ఒక్క వాక్యము చుట్టును తిరుగుచున్నది. మనల నేలినవారినుండి మనము నేర్వదగినది వారి శాసనసభలలో కంటె వారి కార్ఖానాలలోనే యెక్కువ గలదని మా యభిప్రాయము.

మొదటి యుద్ధము ముగిసిన పిమ్మట సామాన్యగృహస్థుడు కొనదగిన విమానము కావలెనను కోరిక ఇంగ్లాండులో ప్రబలెను. 1923 లో కెంటు మండలమందలి లింప్నె మైదానమున పోటీలు జరిగినవి. ఇంజను 750 ఘన సెంటీమీటర్లకు మించరాదని నియమము. అనగా మోటారు సైకిలు ఇంజనువంటిదే. వానిలో రెండు విమానములు ఒక గ్యాలను పెట్రోలుతో 87½ మైళ్లు ఎగిరి బహుమానమును పంచుకొన్నవి. లెక్క చూచిన ముచ్చటగనే యున్నది. కాని ఎదురుగాలి వీచినచో ముందుకు సాగని విమానమును ఎవరు కొందురు? ఆ పోటీలకై హమ్మింగ్ బర్డ్ అను బొమ్మవంటి విమానమును చేసిన జాఫ్రీ డి హావిలాండ్ ఈ సత్యమును త్వరగ గ్రహించెను. ఇద్దరు మనుష్యులను సురక్షితముగ మోయుటకు అరువది అశ్వశక్తి కావలెను. చౌకయు తేలికయునైన అట్టి ఇంజను నాడు అతనికి దొరకదాయెను.

ఇచట ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ అను ఇంజనీరు చేసిన పని మా కథకు కీలకము. యుద్ధమునకై తయారైన రెనో ఇంజనులు వాడుకలేక గుట్టలుగ పడియుండెను. వానికి ఎనిమిదేసి సిలిండరులు, నాలుగు ఈ ప్రక్క, నాలుగు ఆ ప్రక్క. ఆ జాతి ఇంజనును హాల్‌ఫర్డ్ రెండుగ చీల్చి, ఒక ప్రక్క నాలుగు సిలిండరులను క్రొత్త క్రాంకుకేసుపై నిలిపెను. అదియే సిర్రస్ ఇంజను. దానిని ముందిడుకొని డి హావిలాండ్ విమానమును కల్పించెను. విమానమును కల్పించి ఇంజనుకై దేశదేశములు వెదుకలేదు. 1925 ఫిబ్రవరి 22 వ తేదీన అది తొలిసారి ఎగిరినది. రెక్కలు వెనుకకు మడుచుకొని మోటారు కొట్టములో ఇముడగలదు. దీపముచుట్టు తిరుగు రెక్కలపురుగు పేరిట దానికి మాత్ అని పేరిడిరి. డి హావిలాండునకు సీతాకోకచిలుకలు మొదలగు పురుగులను సేకరించు వేడుక గలదట; తన వేడుకను వ్యాపారమునకు పనికివచ్చునట్లు చేసికొనుట వర్తకజాతికి వెన్నతో పెట్టిన విద్య. ప్రభుత్వము వైమానిక సంఘములకు ధనసహాయము చేసెను. 1930 ప్రాంతమున మాత్ వెల సుమారు 650 పౌనులు, మన లెక్కకు 8,600 రూపాయలకు పైచిలుకు.

పాత రెనోల గుట్ట తరుగసాగినది. అంతట హాల్‌ఫర్డ్ జిప్సీ అను క్రొత్త ఇంజనును మూలమునుండి నిర్మించెను. ఒక జిప్సీకి ముద్రవేసి, విప్పకుండ 600 గంటలు ఎగురనిచ్చి పరీక్షించిరి. పిమ్మట దానిని తలక్రిందులు చేసి, సిలిండరులు క్రిందికుండునట్లు అమర్చిరి. చోదకునికి ముందుచూపు చక్కబడెను. 1932 నాటి జిప్సీ మేజరు 130 అశ్వశక్తి గలది. అది పదివేలకు మించి తయారైనది.

ఈ ఇంజనులతో మన దేశమునకు గల సంబంధము స్వల్పమైనది కాదు. 1930 మే 5 వ తేదీన క్రాయ్‌డన్ విడిచిన ఏమీ జాన్సన్ తన పాత మాతులో కరాచీ, ఝాన్సీ, అలహాబాదు, కలకత్తాలమీదుగ సాగి 24 వ తేదీన ఆస్ట్రేలియా చేరెను. ఆమె ఇంజను మరమ్మతునందు ప్రభుత్వపట్టా పొందినదని మన యువతులు గుర్తింపవలెను. ఆ యేడే ఆగాఖాను బహుమానమును ఆస్పీ ఇంజనీరు అను పార్సీ బాలుడు జిప్సీ మాతులో గెలిచెను. 1932 అక్టోబరు 15 వ తేదీన జె. ఆర్. డి. టాటా పుస్ మాతులో కరాచీనుండి బొంబాయికి టపా తెచ్చెను. అచటినుండి నెవిల్ విన్సెంట్ దానిని బళ్లారిమీదుగ మద్రాసు చేర్చెను. ధైర్యమునందు గాని నేర్పునందు గాని మనవారు ఎవరికిని తీసిపోలేదు. చోదకుని ఆసనము మనకు దక్కినది. కార్ఖానా తలుపు మాత్రము మూసియే యుండెను.

టైగర్ మాత్ సంగతి మరింత బోధకరము. ముందు ఆసనములోని గురువు ఆపదలో ప్యారాచూటుతో దూకుటకు పైరెక్క అడ్డమగుచున్నదని సైనికాధికారు లాక్షేపించిరి. స్టాగ్ లేన్ కార్ఖానాలో పనివారు పైరెక్కను ముందుకు జరిపిరి. బరువు తూకము చెడెను. అంతట రెక్కల కొనలను వెనుకకు వంచిరి. పటములు వ్రాసికొనుటకైన కాచుకొనక కోసి, అతికి, సరిచూచిరని చెప్పుదురు. 1931 అక్టోబరు 26 వ తేదీన అది ఎగిరెను. ఎనిమిదివేలకు పైగ తయారై, సామ్రాజ్యములోని చోదకులలో అసంఖ్యాకులకు ఓనమాలు నేర్పెను. మైల్స్ కంపెనీవారి మేజిస్టరు 1937 లో వచ్చినది. ఒంటిరెక్క నమూనాయైనను దానికిని జిప్సీ మేజరే ప్రాణము.

రెండవ యుద్ధములో జరిగిన పంపకమును పాఠకులు గమనింతురు గాక. టైగర్ మాతును ఆస్ట్రేలియాలో నిర్మించిరి, కెనడాలో నిర్మించిరి, న్యూజీలాండులో నిర్మించిరి. ఆస్ట్రేలియాలోని మోటారు కార్ఖానా జిప్సీ మేజరు ఇంజనునే పోతపోసి తయారుచేసినది. హైదరాబాదు బేగంపేటలో మన యువకులు టైగర్ మాతులపై విద్య నేర్చిరి. కాని ఆ యంత్రములన్నియు ఓడలలో దిగినవే. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానము తోడ్పాటున 1940 డిసెంబరులో బెంగుళూరునందు స్థాపించిన విమానకార్ఖానా మాట యేమి? 1942 లో భారతప్రభుత్వము ఆయన వాటాలను కొనెను. 1943 లో కార్ఖానా అమెరికా సైన్యము చేతబడి మరమ్మతుశాలయైనది. తెల్లజాతి వలసలకు తయారీ, మనకు మరమ్మతు. దీనిని యుద్ధావసరమని కొందరు సమర్థింతురు. యుద్ధావసరము ఆస్ట్రేలియాకు మాత్రము ఇంజను నేర్పి మనకేల నేర్పలేదో వారు చెప్పరు.

దొరతనము పోయినది. 1951 ఆగస్టులో ఘాటగే మహాశయుని నాయకత్వమున రూపొందిన హెచ్.టి.-2 బెంగుళూరులో ఎగిరి, క్రమముగ టైగర్ మాతు స్థానమునాక్రమించెను. గర్వింపదగిన పనియే. అయినను మొదటి నమూనాకు జిప్సీ మేజరును, తరువాతివానికి సిర్రస్ మేజరును తెచ్చి బిగించితిమి. 1958 నాటి పుష్పకమునకు అమెరికావారి కాంటినెంటల్. 2021 లో ఎగిరిన నూతన హంసకు ఆస్ట్రియావారి రోటాక్స్. హంసయని పేరు పెట్టితిమి గాని దాని గుండె ఆల్ప్సు పర్వతముల ప్రక్కనే కొట్టుకొనుచున్నది.

ఆంగ్లేయులును అరువు తేలేదా యని అడుగవచ్చును. తెచ్చిరి. లెస్టరు మండలమున 1938 లో వెలసిన కంపెనీ అమెరికా టేలర్‌క్రాఫ్టు నమూనాకు హక్కు కొని, దానినే ఫిరంగిదళమునకు కన్నువంటి ఆస్టరుగ మార్చెను. కాని ఆస్టరునందు మొదట వారమర్చినది స్వదేశపు సిర్రస్ ఇంజను, పిదప జిప్సీ మేజరు; అమెరికా లైకమింగును వారు వాడకపోలేదు. శరీరమును అరువు తెచ్చిన వారికిని ఇంజనును అరువు తెచ్చిన మనకును గల భేదమిది. వారి పరిశ్రమయు శాశ్వతము కాలేదు: 1947 లో మైల్స్ దివాలా తీసెను, 1960 లో ఆస్టరు బీగిల్ కంపెనీలో కలిసెను.

మనకు శక్తి లేదని మేమనము. లక్ష్యయను చోదకరహిత గురివిమానమునకు చిన్న జెట్టు ఇంజనును బెంగుళూరులోనే చేసితిమి. చేయగలిగియు శిక్షణవిమానపు ఇంజనును ఉపేక్షించుటయే మా ఆక్షేపణ. హెచ్.టి.టి.-40 శిక్షణవిమానములు డెబ్బదింటికి 2023 లో ఒడంబడిక జరిగినది. వానికై అంతకుముందు యేడే అమెరికా హనీవెల్ కంపెనీతో 88 ఇంజనులకు బేరము కుదిరియుండెను. ఆ బేరపు సొమ్ములో పదవవంతైనను ఒక స్వదేశపు చిన్న ఇంజనుకై ప్రత్యేకించి, పని ఎన్నేండ్లలో ముగియునో పార్లమెంటునెదుట చెప్పవలసినదిగ ప్రభుత్వమును కోరుచున్నాము.