పండితునకు పాఠము చెప్పిన పాట

విద్వాంసుని జీవితమును మనము పట్టములతోడను, పదవులతోడను కొలుచుట పరిపాటి. ఆ కొలతచొప్పున చూచినను స్పానిష్ సాహిత్య పండితుడు రామోన్ మెనెండెజ్ పిడాల్ అగ్రగణ్యుడే. 1869లో జన్మించి, ముప్పదియవ యేటనే మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ప్రాచీన వీరగాథయైన సిద్ కావ్యమును పరిష్కరించి 1908-1911 నడుమ మూడు సంపుటములుగా ప్రకటించెను. 1925లో స్పానిష్ అకాడమీ అధ్యక్షపదవి నందెను. అంతర్యుద్ధకాలమున దేశాంతరమున గడపవలసివచ్చినను పరిశోధన మానలేదు. 1968లో, తొంబదితొమ్మిదేండ్లు నిండిన పిమ్మట కన్నుమూసెను.

అయినను ఆ జీవితమున మిక్కిలి విలువైన దినము పదవి లభించిన దినము కాదని నా యభిప్రాయము. 1900లో వివాహమైనంతనే ఆయన, విదుషీమణియైన భార్య మరియా గోయ్రీతో గూడి, వీరుడు సిద్ నడచిన త్రోవవెంబడి యాత్ర సాగించెను. దారిలో ఓస్మా యను ఊర బట్టలుతుకు స్త్రీ యొకతె వారికొక పాట వినిపించెను. అది 1497లో అకాలమరణము చెందిన రాజకుమారుడు హువానును గూర్చిన గేయము! కాస్టీలు ప్రాంతమున ఇట్టి పాటలు అంతరించినవని పండితులు తలంచుచున్న కాలమది. నాలుగువందల యేండ్లు ఆ పాట పామరుల కంఠములందు బ్రదికియుండెను. నాటినుండి ఆ దంపతులు జీవితాంతము గేయములు సేకరించిరి; ఇతరులచేత సేకరింపజేసిరి.

ఈ వృత్తాంతముతో మనకేమి పని యందురా? విశాఖపట్టణమునకు చేరువనున్న పద్మనాభమున 1794 జులై 10న విజయనగరము ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ సేనతో పోరి నేలకొరగెను. 1757 నాటి బొబ్బిలి యుద్ధము కథయై ఊరూర వినబడెను. మరి పద్మనాభము కొండ క్రింది పల్లెలలోని వృద్ధులు ఏమి పాడుదురో, ఏమి చెప్పుకొందురో మనలో ఎందరడిగితిమి? జానపద గేయములను విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన విషయముగా నిరూపించి బిరుదురాజు రామరాజుగారు ఏనాడో త్రోవ చూపిరి. నడువవలసినవారము మనము.

ఉపాధ్యాయునకు తీరిక లేదనియు, విద్యార్థికి పరీక్షలున్నవనియు చెప్పవచ్చును. కాని దీనికి కావలసినది ఒక సెలవుదినము, ఒక నోటుపుస్తకము. పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాయవలెను. వారి నోట వచ్చిన మాటను వచ్చినట్లే వ్రాయవలెను. వ్యాకరణము పేర సరిదిద్దరాదు. దేనికిని పనికిరాదని తోచిన పాటనైనను విడువరాదు. పుస్తకములు గ్రంథాలయమున రేపును దొరకును. పాడు ముదుసలి రేపుండునన్న నమ్మకము లేదు. మొదట ఆమె యింటికి పోవుదము.