పాటకే కాదు... మీటకీ మాట కావాలి!

గద్వాల చీర కొనేటప్పుడు రంగు చూస్తాం. అంచు చూస్తాం. కొంగు విప్పించి మరీ చూస్తాం. కంప్యూటర్లో పాటలు, పాఠాలు వినిపించే మీడియా ప్లేయర్‌నీ చాలామంది అలాగే ఎంచుకుంటారు. కంటికి ఇంపుగా ఉంటే చాలనుకుంటారు. మరి దాన్ని వాడబోయేది చూపులేని తమ్ముడో, చెల్లెలో అయితే? ఆ రంగులూ హంగులూ ఎందుకూ కొరగావు.

చిక్కేమిటంటే, ఆ ఎంపిక చేసేది తరచూ చూపున్నవాళ్లే. వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఓ అంధ విద్యార్థి ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడనుకోండి. అందులో సాఫ్ట్‌వేర్లు వేసిచ్చేది అన్నయ్యో, స్నేహితుడో, దుకాణంలో కుర్రాడో. మౌసుతో నాలుగు నొక్కులు నొక్కి ‘బ్రహ్మాండంగా పాడుతోంది’ అని చేతికిచ్చేస్తారు. అసలు తిప్పలు ఇంటికెళ్లాకే మొదలవుతాయి.

పది సెకన్ల తంటా

పాటైతే మొదలుపెట్టి వదిలేయొచ్చు. పాఠం అలా కాదు. ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకు కనీసం 4 శాతం కోటా ఉండాలని 2016 నాటి హక్కుల చట్టం చెబుతోంది. అందులో 1 శాతం అంధులకు, చూపు మందగించినవారికి. ఆ కొలువుల కోసం గ్రూప్స్‌కో, డీఎస్సీకో తయారయ్యేవారికి రికార్డు చేసిన పాఠాలే పుస్తకాలు. పెన్‌డ్రైవ్‌లో స్నేహితులు ఇచ్చినవి కొన్ని, వాట్సాప్‌లో వచ్చినవి కొన్ని, యూట్యూబ్‌లో టీ-శాట్ పాఠాలు మరికొన్ని.

గంట పాఠంలో నలభయ్యో నిమిషం దగ్గర మాస్టారు ఓ అధికరణం సంఖ్య చెప్పారు. సరిగ్గా వినపడలేదు. పది సెకన్లు వెనక్కి వెళ్లాలి. చూపున్నవారికి ఇదో పనే కాదు. మౌసుతో గీత మీద చుక్కను కాస్త లాగితే సరి. చూపులేనివారికి మౌసు పనికిరాదు. ఆ పనిని కీబోర్డుతో చేసే వీలు ప్లేయర్లో లేకపోతే పాఠం మొదటికొస్తుంది. రోజుకు నాలుగుసార్లు ఇలా జరిగితే చదువు ముందుకు సాగేదెలా?

పేరులేని బొమ్మలు

అంధులు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ సాయంతో వాడతారు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఇది. జాస్ లాంటివి డబ్బు పెట్టి కొనాలి. ఎన్‌వీడీఏ ఉచితం. దీన్ని ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో మొదలుపెడితే, మిత్రుడు జేమ్స్ టే చేయి కలిపారు. ఇద్దరూ అంధులే. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. కాస్త మరమనిషిలా!

అయితే స్క్రీన్ రీడర్‌కు కళ్లుండవు. ‘ఇది బటన్, దీని పేరు పాజ్’ అని ప్లేయర్ చెబితేనే దానికి తెలుస్తుంది. తయారుచేసినవాళ్లు బటన్‌కు బొమ్మ గీసి పేరు పెట్టడం మరిచారో... ‘బటన్, బటన్, బటన్’ అంటూ పోతుంది. ఏది ఆపేదో, ఏది తర్వాతి పాటో ఎవరికెరుక?

ఏది ఎలా?

విన్‌యాంప్: 1997లో వచ్చింది. దాని ముస్తాబంతా బొమ్మలే. స్క్రీన్ రీడర్‌కు అవి అంతుబట్టవు. అయినా అంధులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కారణం కీబోర్డు అడుగు వరసలో పక్కపక్కనే ఉన్న అయిదు అక్షరాలు. జెడ్ నొక్కితే వెనకటి పాట, ఎక్స్ నొక్కితే మొదలు, సితో విరామం, వితో ఆపడం, బితో తర్వాతి పాట. ఎడమ, కుడి బాణాలతో అయిదేసి సెకన్లు వెనక్కీ ముందుకీ. తడుముకోకుండా వేళ్లకు అలవాటైపోతాయి. బటన్ పలకకపోయినా మీట పనిచేస్తే బండి నడుస్తుందనడానికి ఇదే రుజువు.

వీఎల్‌సీ: పారిస్‌లో విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి వచ్చింది. ఉచితం. దాదాపు ఏ ఫైలిచ్చినా పాడేస్తుంది. స్పేస్‌బార్‌తో ఆగుతుంది. షిఫ్ట్‌తో బాణం నొక్కితే 3 సెకన్లు, ఆల్ట్‌తో 10 సెకన్లు, కంట్రోల్‌తో నిమిషం జరుగుతుంది. మాస్టారు నెమ్మదిగా చెబుతుంటే చదరపు బ్రాకెట్ల మీటలతో వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. లోపమూ ఉంది. టి నొక్కితే ఎంతసేపైందో తెరమీద అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకెలు బొమ్మలో భాగం కాబట్టి స్క్రీన్ రీడర్‌కు చిక్కవు. ఇలాంటి లోటు తీర్చేందుకు కొందరు ఔత్సాహికులు రాసిన యాడ్-ఆన్‌లు ఎన్‌వీడీఏకి దొరుకుతాయి.

ఫూబార్2000: విన్‌యాంప్ సంస్థకు ఒకప్పుడు పనిచేసిన పీటర్ పావ్‌లోవ్‌స్కీ తయారుచేశారు. చూడ్డానికి సాదాసీదా. అదే దీని బలం. బొమ్మల హంగు లేకుండా విండోస్ మామూలు జాబితాలు, మెనూలే వాడుకుంటుంది కాబట్టి స్క్రీన్ రీడర్ చక్కగా చదివేస్తుంది. ఏ పనికి ఏ మీటో మనమే నిర్ణయించుకోవచ్చు. ‘వెనక్కి 10 సెకన్లు’ అన్నదాన్ని నచ్చిన మీటకు తగిలించుకోవచ్చు. వేరే కిటికీలో నోట్సు రాసుకుంటూ కూడా ఆ మీట పనిచేసేలా పెట్టుకోవచ్చు. పాటలకూ ఆడియో పాఠాలకూ ఇది సరిపోతుంది. వీడియోలకు వీఎల్‌సీ ఉండాల్సిందే.

యూట్యూబ్ తిరకాసు

యూట్యూబ్‌లో కె నొక్కితే వీడియో ఆగుతుంది. జె నొక్కితే 10 సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే 10 సెకన్లు ముందుకి. ఎన్‌వీడీఏ నడుస్తున్నప్పుడు మాత్రం కె నొక్కితే వీడియో ఆగదు. పేజీలో తర్వాతి లింకు మీదికి పోతుంది! ఎందుకంటే వెబ్ పేజీల్లో ఎన్‌వీడీఏ అక్షరాలను తన సొంత పనికి వాడుకుంటుంది. కె అంటే లింకు, ఎల్ అంటే జాబితా. ఇన్సర్ట్, స్పేస్‌బార్ కలిపి నొక్కితే అక్షరాలు మళ్లీ యూట్యూబ్ చేతికొస్తాయి. ఈ ఒక్క చిట్కా తెలియక యూట్యూబ్ పాఠాలకు దూరమైతే ఎంత నష్టం!

రెండు గొంతులు... ఒకే చెవి

పాఠం నడుస్తుండగా స్క్రీన్ రీడర్ నోరు విప్పితే రెండు గొంతులూ కలిసిపోతాయి. ఏదీ అర్థంకాదు. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్, షిఫ్ట్, డి కలిపి నొక్కుతూ పోతే, తను మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు దొరుకుతుంది. 2024లో ఇంకో వెసులుబాటూ వచ్చింది. ఇన్సర్ట్, ఆల్ట్, ఎస్ నొక్కి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే స్క్రీన్ రీడర్ ఒక చెవిలో, పాఠం రెండో చెవిలో!

ఫోన్లో వినేవారికి ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ తోడు. కొత్త ఫోన్లలో తెరమీద ఎక్కడైనా రెండు వేళ్లతో రెండుసార్లు తడితే పాఠం ఆగుతుంది, మళ్లీ తడితే సాగుతుంది. బటన్ కోసం వెతుక్కోనక్కర్లేదు.

వినేది పూర్తి పుస్తకమైతే మామూలు ప్లేయర్ చాలదు. అధ్యాయాలవారీగా దూకే వీలున్న డైసీ పుస్తకాలున్నాయి. కేంద్ర ప్రభుత్వం, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా కలిసి 2016లో ప్రారంభించిన సుగమ్య పుస్తకాలయలో ముద్రిత పుస్తకం చదవలేనివారు సభ్యులుగా చేరవచ్చు. ఆ పుస్తకాలు తెరవడానికి థోరియం రీడర్ ఉచితంగా దొరుకుతుంది.

మౌసు పక్కన పెట్టండి!

ఎవరికైనా ప్లేయర్ వేసిచ్చే ముందు ఓ పావుగంట ఈ పరీక్ష పెట్టండి. ముందుగా ఎన్‌వీడీఏ నడపండి. మౌసు తీసేయండి. మానిటర్ ఆర్పేయండి. ల్యాప్‌టాప్ అయితే ఎన్‌వీడీఏలోని స్క్రీన్ కర్టెన్ తెరను నల్లగా మార్చేస్తుంది. ఇక ఈ పనులు చేసి చూడండి.

* ఫైలు వెతికి తెరవగలిగారా?

* పాఠం ఆపి, పది సెకన్లు వెనక్కి వెళ్లగలిగారా?

* ఎన్ని నిమిషాలైందో చెవికి వినిపించిందా?

* ట్యాబ్ నొక్కుతూ పోతే ప్రతి బటన్ తన పేరు చెప్పిందా?

* మూసి మళ్లీ తెరిస్తే ఆగినచోటు నుంచే మొదలైందా?

మొదటి రెంటిలో ఏది ‘లేదు’ అయినా ఆ ప్లేయర్ వద్దు. మిగతావాటికి దారి వెతకొచ్చు. పనిలో పనిగా ఫైళ్లకు పేర్లూ పెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన ఆడియోకి బారెడు అంకెల పేరుంటుంది. యాభై పాఠాలుంటే యాభైసార్లు ఆ అంకెలే వినాలి. ‘పాలిటీ 12, ప్రాథమిక హక్కులు’ అని మార్చిస్తే వెతికే పనే ఉండదు.

అన్నింటికంటే ముందు, వాడబోయేవారినే పక్కన కూర్చోబెట్టుకుని కీబోర్డు వాళ్ల చేతికివ్వండి. ఏది బాగుందో వాళ్ల వేళ్లే చెబుతాయి.