కేబుల్ ఉంది సరే, ఎక్కడ కట్టారు?

రక్షణ పరికరం పెట్టేశాం కాబట్టి రక్షణ వచ్చేసినట్టే అనుకోవడం మన ఇంజనీరింగ్ చదువుల్లో బాగా పాతుకుపోయిన అలవాటని నా అభిప్రాయం. దీనికి ఉదాహరణగా మన రోడ్ల మీద కనపడని ఒక బండి గురించి చెప్తాను. ఎలక్టివ్ సబ్జెక్టులో ట్రైలర్ బ్రేకుల మీద సెమినార్ ఇవ్వాల్సి వచ్చి చదువుతుంటే నా బుర్రలో ఇరుక్కుపోయిన విషయం ఇది.

అమెరికా, కెనడాల్లో చాలామంది ఇల్లు లాంటి ట్రైలర్‌ని పికప్ ట్రక్కుకి తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. మంచం, వంటగది, బాత్‌రూమ్ అన్నీ అందులోనే. వాటిలో పెద్ద రకాన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. పేరుకి ఐదో చక్రమే గానీ, రోడ్డు మీద దొర్లే చక్రం కాదు. పాతకాలపు గుర్రబ్బండ్లలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి అడ్డంగా పెట్టిన వలయానికి ఆ పేరుండేది. అదే ఇప్పటికీ మిగిలింది. మామూలు ట్రైలర్ బండి వెనక గుండుకి తగులుకుంటుంది. ఇది మాత్రం ట్రక్కు తొట్టిలో, దాదాపు వెనక ఇరుసు పైన బిగించిన హిచ్ మీద కూర్చుంటుంది. ట్రైలర్ ముందు భాగం కింద ఉండే కింగ్‌పిన్‌ని హిచ్ దవడలు గట్టిగా పట్టుకుంటాయి. ఐదారు టన్నుల ఇల్లు ఆ పట్టు మీద ఆధారపడి నడుస్తుంది.

ఆ పట్టు వదిలితే? అందుకే బ్రేక్అవే స్విచ్ పెట్టారు. ట్రైలర్ ముందు భాగంలో చిన్న స్విచ్, అందులో ఒక పిన్ను, ఆ పిన్నుకి సన్నటి స్టీలు కేబుల్. కేబుల్ రెండో కొన ట్రక్కుకి కట్టాలి. ట్రైలర్ విడిపోతే కేబుల్ బిగుసుకుని పిన్నుని లాగేస్తుంది. స్విచ్‌లో కాంటాక్టులు కలుస్తాయి. ట్రైలర్‌లోనే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు చక్రాల్లోని అయస్కాంతాలకు వెళ్ళి బ్రేకులు పూర్తిగా పడతాయి. అమెరికాలో వాణిజ్య వాహనాల ఫెడరల్ నిబంధనల ప్రకారం, ట్రైలర్ విడిపోగానే బ్రేకులు వాటంతట అవే పడాలి, కనీసం 15 నిమిషాలు అలాగే పట్టి ఉండాలి.

ఇంతవరకు బొమ్మ గీసి చూపిస్తే వైవాలో మార్కులు వచ్చేస్తాయి. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగరు. ఆ రెండో కొన ఎక్కడ కట్టాలి?

కొందరు చేతికి అందుతోంది కదా అని హిచ్‌కే తగిలిస్తారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ట్రైలర్ విడిపోవడం రెండు రకాలుగా జరగొచ్చు. ఒకటి, దవడలు కింగ్‌పిన్‌ని సరిగ్గా పట్టలేదు. అప్పుడు హిచ్ ట్రక్కులోనే ఉంటుంది, ట్రైలర్ జారిపోతుంది. కేబుల్ హిచ్‌కి కట్టి ఉన్నా పని చేస్తుంది. రెండోది, హిచ్‌ని తొట్టికి పట్టి ఉంచే పిన్నులు ఊడిపోయి హిచ్ మొత్తం ట్రైలర్‌తో పాటే లేచిపోయింది. అప్పుడు కేబుల్ కూడా దానితోనే పోతుంది. లాగేవాడే లేడు, పిన్ను కదలదు, బ్రేకు పడదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు! ఏది ఊడిపోతుందేమోనని ఈ ఏర్పాటు చేశామో, దాన్నే నమ్ముకుని కట్టాం.

ఇక హిచ్ విడదీసే పిడికి కట్టడం ఇంకా ఘోరం. కేబుల్ ఎక్కడైనా ఇరుక్కుని లాగితే, విడిపోకుండా చూడాల్సినదే విడదీసే ప్రమాదం ఉంది.

కాబట్టి కేబుల్ కట్టాల్సింది ట్రక్కు ఛాసిస్‌కి, లేదా దానికి బోల్టులతో బిగించిన రింగుకి. పరీక్ష చాలా సులువు. హిచ్ మొత్తం పీకి పక్కన పెట్టామనుకోండి. మీరు కట్టిన చోటు ఇంకా ట్రక్కు మీదే ఉందా? ఉంటే సరైన చోటే.

దీనికి ఒక అభ్యంతరం చెప్తారు. "మలుపులో కేబుల్ అనవసరంగా లాగేసి నడిరోడ్డు మీద బ్రేకులు పట్టేస్తే?" న్యాయమైన భయమే. కానీ దానికి మందు పొడవు సరిచూసుకోవడం. ఎంత గట్టి మలుపు తిప్పినా బిగుసుకోకూడదు, అలాగని కింద వేలాడి రోడ్డుకి రాసుకోకూడదు, దేనికీ చుట్టుకోకూడదు. పొడవు సమస్యని చోటు మార్చి తీర్చుకుంటే ఒక ప్రమాదం తప్పించుకోవడానికి ఇంకోటి కొనుక్కున్నట్టే.

ఇంకో మాట. 1872లో వెస్టింగ్‌హౌస్ తెచ్చిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకులో, పెట్టెలు విడిపోయి పైపు తెగితే గాలి ఒత్తిడి పడిపోతుంది. ఆ పడిపోవడమే బ్రేకు వేయమనే ఆజ్ఞ. ప్రతి పెట్టె కింద ముందే నింపి ఉంచిన గాలి ఆ పని చేస్తుంది. రైలు కదలాలంటేనే ఆ ఒత్తిడి ఉండాలి కాబట్టి, లోపం ఉంటే బయల్దేరే ముందే తెలిసిపోతుంది. ట్రైలర్ కేబుల్‌కి ఆ అదృష్టం లేదు. బ్యాటరీ చచ్చిపోయి ఉన్నా, తీగ తుప్పు పట్టినా, బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది. అందుకే బయల్దేరే ముందు చేతితో చూసుకోవాల్సిందే. ట్రక్కు నుంచి వచ్చే కరెంటు ప్లగ్గు తీసేసి, పిన్ను లాగి, ట్రక్కుని మెల్లగా ముందుకు కదిపితే ట్రైలర్ చక్రాలు పట్టేయాలి. ప్లగ్గు ఎందుకు తీయాలంటే, బ్రేకు వేస్తున్నది ట్రైలర్ బ్యాటరీయేనని తేలాలి. ట్రక్కులోని బ్రేక్ కంట్రోలర్ కూడా దెబ్బతినకూడదు. తర్వాత పిన్ను తిరిగి పెట్టడం మర్చిపోకూడదు, లేకపోతే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ప్రాజెక్టులు చూడండి. రోబోకి ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ బటన్ పెడతాం. దాని తీగ తీసుకెళ్ళి అదే ఆర్డునోకి కలిపి, కోడ్‌లో చదువుతాం. కోడ్ హ్యాంగ్ అయిన రోజే కదా ఆ బటన్ అవసరం పడేది! అప్పుడు దాన్ని చదివేదెవరు? మోటార్ల కరెంటునే నేరుగా కోసేలా పెట్టాలి. ప్రాజెక్ట్ రిపోర్టు బ్యాకప్ అదే ల్యాప్‌టాప్‌లో ఇంకో ఫోల్డర్‌లో దాచుకోవడం కూడా ఈ బాపతే. 2011లో ఫుకుషిమాలో భూకంపానికి బయటి కరెంటు పోయింది. అలాంటప్పుడు ఆదుకోవాల్సిన డీజిల్ జనరేటర్లని కాసేపటికి సునామీ నీళ్ళు ముంచేశాయి.

నా ప్రతిపాదన చిన్నదే. ప్రాజెక్ట్ రివ్యూల్లో "సేఫ్టీ ఫీచర్ ఉందా?" అని అడిగి టిక్కు పెట్టడం చాలదు. "అది దేనికి కట్టి ఉంది? ఆ కట్టిందే ఊడిపోతే ఏమవుతుంది?" అని కూడా అడగాలి. సార్లు అడిగేదాకా ఆగక్కర్లేదు, మన బ్యాచ్‌మేట్‌ని మనమే అడగొచ్చు. జవాబు చెప్పడానికి వాడు తడుముకుంటే, డెమో రోజు కంటే ముందే తీగ మార్చుకునే టైమ్ దొరుకుతుంది.